ఒకే లెక్క వచ్చిన రెండు అణువులు

ఎమ్మెస్సీ రెండో ఏడు ప్రాజెక్టులకి జట్లు కట్టుకోమన్నప్పుడు మా క్లాసులో చివరికి ఇద్దరం మిగిలాం. నాకు జ్వరమొచ్చి కొన్నాళ్ళు కాలేజీకి వెళ్ళలేదు. తిరిగి వచ్చేసరికి ఎవరి జట్టు వాళ్ళకి కుదిరిపోయింది. మిగిలిన రెండో మనిషి గోడ పక్క బెంచీ చివర కూర్చునే ఒకామె. ఆమెకి పెళ్ళయి చిన్న కూతురు కూడా ఉంది. మా అందరికంటే వయసులో పెద్దది. నరసరావుపేట బజారులో వాళ్ళ అత్తగారివాళ్ళకి పప్పుల కొట్టు ఉండేది. క్లాసు అయిపోగానే కొట్టు దగ్గరికి పరుగెత్తాలి కాబట్టి ఆమెకి కాలేజీలో స్నేహాలు కుదరలేదు. అందరూ ఆమెని అక్కా అనేవాళ్ళు, అంతకుమించి మాట్లాడేవాళ్ళు కాదు. నేనూ అంతే.

మాకు గైడు గ్రాఫ్ థియరీ చెప్పే మేడం. పొట్టిగా, సన్నగా ఉండేవారు. చాక్‌పీసు అరిగి అరిగి గోళ్ళు బోర్డుకి తగిలేదాకా దాన్ని పారేసేవారు కాదు. మిగతా జట్లన్నీ పాత రిపోర్టులు దొరికే అంశాలు ముందే తీసేసుకున్నాయి. మాకు ఎంచుకోవడానికి ఏమీ మిగల్లేదు. మేడం మమ్మల్ని తన గదిలో కూర్చోబెట్టి, తెల్ల కాగితం మీద నాలుగు చుక్కలు పెట్టి వరసగా గీతలతో కలిపారు. పక్కనే ఇంకో నాలుగు చుక్కలు పెట్టారు. ఈసారి మధ్యలో ఒకటి, దాని చుట్టూ మూడు.

"ఇవేంటో చెప్పండి."

"గ్రాఫులు మేడం," అన్నాను.

"గ్రాఫులే. ఇదిగో ఈ వరసగా ఉన్నది మీ ఇంట్లో గ్యాసు బండలో ఉండే బ్యూటేన్. ఇది కూడా దాని తోడబుట్టిందే, కాకపోతే ముడుచుకుని కూర్చుంది. చుక్క కార్బన్, గీత బంధం. హైడ్రోజన్ల సంగతి ప్రస్తుతానికి మర్చిపోదాం."

తర్వాత ఆమె చెప్పింది వింటుంటే నాకు నిద్రమత్తు పూర్తిగా వదిలింది. ఏ రెండు చుక్కలు తీసుకున్నా వాటి మధ్య ఎన్ని గీతలు దాటాలో లెక్కపెట్టాలి. అన్ని జతలకీ అలా లెక్కపెట్టి కూడాలి. వరసగా ఉన్నదానికి పది వస్తుంది, ముడుచుకున్నదానికి తొమ్మిది. పది వచ్చినది కాస్త ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర మరుగుతుంది, తొమ్మిది వచ్చినది అంతకంటే తక్కువ దగ్గరే మరుగుతుంది. అణువు బారుగా చాచుకుని ఉంటే పక్క అణువులని గట్టిగా పట్టుకుంటుంది, విడదీయాలంటే ఎక్కువ వేడి పెట్టాలి. ఆ చాచుకోవడం ఎంతో ఈ లెక్క చెబుతుంది. బీకర్ ముట్టుకోకుండా, మంట వెలిగించకుండా, చుక్కలు లెక్కపెట్టి ఒక పదార్థం ఎప్పుడు మరుగుతుందో అంచనా వెయ్యొచ్చు!

మాది దాచేపల్లి. మా నాన్న సున్నపురాయి క్వారీలో టిప్పర్ నడిపేవాడు. ఇంట్లో డిగ్రీ దాటి చదివింది నేనే. లెక్కలు ఎందుకు తీసుకున్నావని ఎవరైనా అడిగితే మార్కులు బాగా వస్తాయని చెప్పేదాన్ని. నిజంగా అంతకుమించి కారణం లేదు. లెక్కలు పరీక్ష కాగితం దాటి బయట ఎక్కడో పనిచేస్తూ ఉంటాయని ఆ రోజే మొదటిసారి అనిపించింది.

అక్క మాత్రం ఆ రెండు బొమ్మల వంకే చూస్తూ కూర్చుంది. బయటికి వచ్చాక, "మా ఇంటికి రా. చేత్తో పట్టుకుని చూస్తే గానీ నాకు ఎక్కదు," అంది.

వాళ్ళ ఇల్లు కొట్టు మీదే. ఇరుకు మెట్లెక్కితే ఒక పొడుగాటి గది, దానికి బజారు వైపు కిటికీ. కింది నుంచి కందిపప్పు, ఎండుమిరప ఘాటు పైదాకా వచ్చేది. అక్క ఒక గిన్నెలో నానబెట్టిన శనగలు, ఒక చీపురు తెచ్చి నా ముందు పెట్టింది. చీపురు పుల్లలు చిన్న చిన్న ముక్కలు చేసి శనగలకి గుచ్చాం. శనగ కార్బన్, పుల్ల బంధం. సాయంత్రానికల్లా నేల మీద గుడ్డ పరిచి బ్యూటేన్, పెంటేన్, హెక్సేన్ల కుటుంబాలన్నీ పేర్చేశాం.

అక్క వాళ్ళ అత్తగారు కొట్టు నుంచి పైకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. లావుపాటి మనిషి, మెట్లెక్కితే ఆయాసం.

"ఇదేందే? చదువుకుంటన్నాం అన్నారు, బొమ్మరిల్లు కట్టుకుంటన్నారా?"

"అణువులు పెద్దమ్మా," అన్నాను నేను. ఆమెని ఏమని పిలవాలో తెలియక నోటికొచ్చిన వరస కలిపాను. అదే స్థిరపడిపోయింది.

"అణువులో, ఏందో. పని అయిపోయాక పుల్లలు తీసి ఇటియ్యండి, తాలింపేస్తా."

అన్నట్టే తాలింపు వేసింది. ఆ ఏడాది మేము ఎన్ని అణువుల్ని గుగ్గిళ్ళుగా తిన్నామో చెప్పలేను. తర్వాత్తర్వాత నేను మెట్లెక్కుతుంటే కొట్టులోంచే కేకేసేది. "ఏమే దాచేపల్లి అమ్మాయ్, ఇయ్యాల చిన్నయ్యా, పెద్దయ్యా? నిన్న కట్టినయ్యి మనిషికి గుప్పెడు కూడా రాలా!" అణువు పెద్దదైతే శనగలు ఎక్కువ పడతాయన్న సంగతి ఆమెకి బాగానే అర్థమైంది.

మా పట్టికకి అసలు మరిగే ఉష్ణోగ్రతలు కావలసి వచ్చాయి. మేడం మమ్మల్ని కెమిస్ట్రీ సార్ దగ్గరికి వెళ్ళమన్నారు. ఆ సార్ ఆమె భర్త. కాలేజీలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. రోజూ ఒకే స్కూటర్ మీద వచ్చి, గేటు దగ్గర దిగి, ఆయన ఒక బిల్డింగుకి, ఆమె ఇంకో బిల్డింగుకి వెళ్ళిపోయేవాళ్ళు. సాయంత్రం దాకా ఒకరి వైపు ఒకరు తొంగి చూసేవాళ్ళు కాదు.

"మీరే ఇంటి దగ్గర అడగొచ్చుగా మేడం," అంది అక్క.

"ఇంట్లో మేము సబ్జెక్టుల ఊసు ఎత్తం. ఎత్తితే ఆ పూట వంట అవ్వదు," అన్నారు మేడం. నవ్వకుండానే అన్నారు.

సార్ భారీ మనిషి, గొంతు కూడా అంతే. ల్యాబులో ఆయన బల్ల మీద మా శనగల అణువుని పెట్టగానే కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"ఇదేంది?"

"హెప్టేన్ సార్."

"హెప్టేనా? ఇయ్యి శనగలమ్మా!" చేతిలోకి తీసుకుని తిప్పారు. "కార్బన్ అంటే చుక్క కాదు. దానికి బరువుంది, చుట్టూ ఎలక్ట్రాన్లు ఉండయ్యి. నెట్టుకుంటయ్యి, లాక్కుంటయ్యి. మీ మేడం ఒక గీత గీసి, ఇదే బంధం అంటది. బంధమంటే గీతంత సులువా?" తన మాట తనకే ఎలా వినిపించిందో ఏమో, గొంతు తగ్గించి నవ్వారు. "సర్లే. మీ లెక్క మీద మీకంత నమ్మకం ఉంటే నేనొక రెండిస్తా, చేసి చూపించండి."

ఏడు కార్బన్‌ల అణువులు రెండు గీశారు. ఒకటి మధ్య కార్బన్ నుంచి మూడు చేతులు సమానంగా చాచుకుని ఉంది. ఇంకోదానికి చెరో కొసనా రెండేసి కొమ్ములున్నాయి. ఇద్దరం అక్కడే నిలబడి విడివిడిగా లెక్క చేశాం. నాకు మొదటిదానికి నలభై ఎనిమిది వచ్చింది. అక్క వైపు చూస్తే ఆమె తన కాగితం నా వైపు తిప్పింది. రెండోదానికీ నలభై ఎనిమిదే.

సార్ ఒక లావుపాటి పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించారు. "చూడండి. ఇదేమో తొంభై మూడు డిగ్రీలు దాటితే గానీ మరగదు. అదేమో ఎనభై దాటగానే మరిగిపోద్ది. మీ లెక్కకి మాత్రం రెండూ ఒకటే. మరి దీనికేం చెప్తారు?"

మెట్లు దిగుతుంటే అక్క కళ్ళనిండా నీళ్ళు. "కొట్టు మానుకుని, పిల్లని మా అత్త మీద వదిలి వస్తన్నానే. ఇదంతా ఉత్తదేనా?" అంది.

జరిగింది చెబితే మేడం బాధపడతారనుకున్నాను. చెప్పగానే ఆమె కుర్చీలోంచి లేచారు.

"ఆ రెండూ ఆయనే ఇచ్చారా?"

"అవును మేడం."

"మంచి జంటని ఇచ్చారు." ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో కనిపించిన మురిపెం నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఇప్పటిదాకా మీరు చేసింది హోంవర్కు. ప్రాజెక్టు ఇప్పుడు దొరికింది. వెళ్ళి ఆలోచించండి."

ఎలా ఆలోచించాలో మాత్రం చెప్పలేదు. ఎన్నిసార్లు వెళ్ళి అడిగినా, "మీ అణువులనే అడగండి," అనేవారు.

ఆ తర్వాత చాలా రోజులు మాకు ఏదీ కలిసి రాలేదు. అణువుకి ఎన్ని కొసలున్నాయో లెక్కపెడదాం అన్నాను. సార్ ఇచ్చిన జంట విడిపోయింది, ఒకదానికి మూడు కొసలు, ఇంకోదానికి నాలుగు. సంబరపడ్డాం. మర్నాడే ఏడు కార్బన్‌లలోనే ఇంకో జంట బయటపడింది. రెండిటికీ నలభై ఆరే, రెండిటికీ కొసలు నాలుగే, మరిగేది మాత్రం వేరు వేరు చోట్ల. నేను పెద్ద పెద్ద మాత్రికలు వేసి ఏవేవో విలువలు తీసేదాన్ని. పేజీలకి పేజీలు నిండేవి, ఏమీ తేలేది కాదు. అక్క మాత్రం శనగల బొమ్మల్ని చేతిలో అటూ ఇటూ తిప్పుతూ కూర్చునేది. "లెక్క చేద్దామా, ఆడుకుందామా?" అని ఒకసారి విసుక్కున్నాను. ఆమెకీ కోపం వచ్చింది. కాసేపు ఇద్దరం ఎడముఖం పెడముఖంగా కూర్చున్నాం. పెద్దమ్మ కింది నుంచి మరమరాల ఉగ్గాణీ పంపింది. ఒకే పళ్ళెంలో పంపింది. అలక అక్కడితో సరి.

ఈ మధ్యలోనే ఇంకో తమాషా జరిగింది. అణువులు ఎండిపోకూడదని అక్క తడిగుడ్డ కప్పి పెట్టింది. సెలవుల తర్వాత సార్‌కి చూపించడానికి పట్టుకెళ్తే శనగలకి మొలకలొచ్చాయి. సార్ ఒక మొలకని గోటితో తాకి, "కార్బన్‌కి నాలుగే చేతులమ్మా. మీ మేడం అయిదోది మొలిపించింది!" అని ల్యాబంతా వినబడేలా నవ్వారు. ఆ రోజు నుంచి ఆయనంటే మాకు భయం పోయింది.

అసలు సంగతి ఒక మధ్యాహ్నం తేలింది. కొట్టు భోజనాలకి మూసి ఉంది. అక్క కూతురు ఆమె ఒళ్ళో నిద్రపోతోంది. పిల్ల లేస్తుందని అక్క కదలకుండా, ఎదురుగా ఉన్న రెండు బొమ్మల్నే చూస్తోంది.

"ఏమే," అంది మెల్లగా. "మనం ఎప్పుడూ మొత్తమే చూస్తన్నాం. ఆ మొత్తంలో ఏ దూరానికి ఎన్ని జతలుండయ్యో విడగొట్టి చూడలా."

కాగితం తీసుకున్నాను. ఒక గీత దూరంలో ఉన్న జతలు రెండిటికీ ఆరే. రెండు గీతల దూరంలో ఉన్నవి ఒకదానికి ఆరు, ఇంకోదానికి ఏడు. మూడు గీతల దూరంలో ఉన్నవి ఎక్కువ వేడికి మరిగేదానికి ఆరు, తక్కువకి మరిగేదానికి నాలుగు.

"ఆ రెండో జంటకి చూడు," అంది అక్క.

చూశాను. మూడు గీతల దూరంలో ఉన్న జతలు, ఎక్కువ వేడికి మరిగేదానికి ఆరు. తక్కువకి మరిగేదానికి నాలుగు.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అప్పుడు నేను అరిచిన అరుపుకి పిల్ల లేచి ఏడుపు అందుకుంది, కింద కునుకు తీస్తున్న పెద్దమ్మ, "ఏందే, ఏం పడింది?" అంటూ ఆయాసపడుతూ పైకొచ్చింది. అక్క పిల్లని భుజాన వేసుకుని ఊపుతూ నవ్వుతోంది, ఏడుస్తోంది. "ఏం పడలా అత్తయ్యా, దొరికింది," అంది. ఏం దొరికిందో పెద్దమ్మ అడగలేదు. కోడలి నెత్తిన చెయ్యి వేసి, "సరే, దొరికితే మంచిదే," అని మనవరాలిని ఎత్తుకుని కిందికి వెళ్ళిపోయింది.

సార్ మా పట్టిక అంతా చూసి, ఏడు కార్బన్‌ల అణువులన్నిటికీ చేయించారు. మొత్తాన్నీ, ఈ మూడు గీతల జతల్నీ కలిపి చూస్తే మరిగే ఉష్ణోగ్రతలకి మా అంచనాలు బాగా దగ్గరికి వచ్చాయి.

"సరే, మూడే ఎందుకు? రెండెందుకు కాదు?" అన్నారు.

నేను తడబడ్డాను. అక్క బొమ్మ తీసుకుని మధ్య పుల్లని మెలితిప్పింది. "చూడండి సార్. రెండు గీతల దూరంలో ఉన్నయ్యి ఎట్టా తిప్పినా ఎడం మారదు. మూడు గీతల దూరంలో ఉన్నయ్యి మధ్య పుల్ల తిరిగితే దగ్గరికొస్తయ్యి, దూరం పోతయ్యి. ఆ తిరగటంలోనే ఏదో ఉంది."

సార్ రెండు స్టూళ్ళు లాగి, "కూర్చోండమ్మా," అన్నారు. అంతకుముందు ఎప్పుడూ ఆయన మమ్మల్ని కూర్చోమనలేదు. అప్పుడు చెప్పారు, ఇది ఎప్పుడో, మా తాతలనాటి కాలంలోనే, ఒక శాస్త్రవేత్త కనిపెట్టిందేనని. ఆ దూరాల మొత్తం ఎవరు కనిపెట్టారో ఆయనే ఈ మూడు గీతల జతలనీ కలిపి లెక్క వేశాడట.

నేరుగా మేడం దగ్గరికి వెళ్ళాను.

"మీకు ముందే తెలుసా మేడం?"

"తెలుసు."

"మరి మాకు చెప్పలేదేం?"

"చెబితే ఒక పేజీ రాసుకునేవాళ్ళు," అన్నారు మేడం. "ఇన్నాళ్ళూ నాకెంత కష్టమైందో తెలుసా, నోరు మూసుకుని ఉండటం? ఇంట్లో ఆయన రోజూ అడిగేవారు, పిల్లలు ఎక్కడిదాకా వచ్చారని."

అయితే ఇంట్లో సబ్జెక్టుల ఊసు ఎత్తుతూనే ఉన్నారన్నమాట. అక్కకి మాత్రం ఏ బాధా కలగలేదు. "ఆయనెవరో అంత పెద్దాయన పోయిన దోవలోనే మనమూ పోయాం గదే. తప్పిపోలా," అంది. నాలో చప్పబడిన ఉత్సాహం ఆ మాటతో మళ్ళీ లేచింది.

రిపోర్టు రెండో భాగంలో అవే చుక్కలని ఊళ్ళు చేశాం, గీతల్ని బస్సు దారులు చేశాం. నరసరావుపేట, వినుకొండ, సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, గురజాల, మాచర్ల, వాటి మధ్య శావల్యాపురం, దాచేపల్లి లాంటివి. అన్ని ఊళ్ళకీ దూరాల మొత్తం ఏ ఊరి నుంచి తక్కువ వస్తే అది మధ్య ఊరు. కంప్యూటర్ల నెట్‌వర్కులో సర్వర్ ఎక్కడ పెట్టాలో కూడా ఇలాగే చూస్తారు. మేము గీసిన గీతల ప్రకారం పిడుగురాళ్ళ వచ్చింది. ఆ మాట విని పెద్దమ్మ ముఖం మాడ్చుకుంది.

"పిడుగురాళ్ళేంది? సున్నం బట్టీలు తప్ప ఏముందక్కడ? పల్నాడంతా సరుక్కి ఈడికొస్తంటే!"

"సరుకు కాదు పెద్దమ్మా, దూరం."

"ఏమో, మీ గీతలు సరిగ్గా గీసినట్టు లేదు. మళ్ళీ గీయండి," అంది. వైవా అయ్యేదాకా ఆ విషయంలో మాతో రాజీ పడలేదు.

వైవా రోజున మొదటి భాగం నేను, రెండో భాగం అక్క చెప్పాలనుకున్నాం. నిజానికి అక్కకి నలుగురిలో నోరు పెగలదు. అందుకే అణువుల సంగతంతా నేను చెప్పేలా, ఆమె బస్సుల మ్యాపు చూపించి కూర్చునేలా పంచుకున్నాం. ఆ పొద్దున దాచేపల్లి దాటగానే సిమెంటు లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా ఆగిపోయింది. ముందూ వెనకా లారీలే, మా బస్సు కదల్లేదు. ఫోన్ చేసి ఏడుపు గొంతుతో చెప్పాను. అవతల నుంచి అక్క "సరే, రా," అని మాత్రం అంది.

నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి సెమినార్ హాల్లోంచి అక్క గొంతు వినిపిస్తోంది. గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఒక పక్క మేడం, ఇంకో పక్క సార్, మధ్యలో వేరే ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినర్. వెనక బెంచీలో పెద్దమ్మ మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిల్ల ఇంట్లో ఒకటే పేచీ పెడుతుంటే తీసుకొచ్చిందట.

అక్క నా భాగం చెబుతోంది. చేతిలో శనగల బొమ్మ. మొదట్లో ఎలా ఉందో నాకు తెలియదు గానీ, నేను విన్నంతసేపూ తన కొట్టులో ఎవరికో సరుకు గురించి చెబుతున్నంత తేలిగ్గా చెప్పింది. మా లెక్క ఎక్కడ ఓడిపోయిందో దాచలేదు. "మా సార్ ఇచ్చిన ఈ జంట దగ్గర మేము ఆగిపోయాం," అని సార్ వైపు చూపించింది. సార్ తల వంచుకుని కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"దీనివల్ల ఉపయోగమేంటమ్మా?" అన్నాడు ఎగ్జామినర్.

"మందుల కోసం కొత్త అణువులు తయారుచేసేవాళ్ళు అన్నిటినీ చేసి చూడలేరు సార్. ఏది పనికొచ్చేలా ఉందో ముందే ఇలాంటి లెక్కలతో కొంత జల్లెడ పట్టుకుంటారు. మాది ఆ పనిలో అ ఆలు. కానీ అ ఆలు మేమే దిద్దుకున్నాం."

నేను లోపలికి వెళ్ళలేదు. వెళ్తే తన మాటకి అడ్డం పడతానేమో అనిపించింది. ఆమె మ్యాపు దగ్గరికి వచ్చి పిడుగురాళ్ళ పేరు చెప్పినప్పుడు వెనక బెంచీలో పెద్దమ్మ గట్టిగా గొంతు సవరించుకుంది. అప్పుడు అక్క గుమ్మంలో ఉన్న నన్ను చూసి, "మిగతాది మా చెల్లెలు చెబుతుంది," అంది. నేను లోపలికి వెళ్ళి మ్యాపు పక్కన నిలబడ్డాను.

మా ఇద్దరికీ మంచి మార్కులే వచ్చాయి. ఆ మధ్యాహ్నం మేడం, సార్ మమ్మల్ని వాళ్ళింటికి భోజనానికి తీసుకెళ్ళారు. వంట చేసింది సార్. వడ్డిస్తున్నంతసేపూ కార్బన్ చుక్కా కాదా అని ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు. పప్పు చారు రెండోసారి అడగడానికి మాకు సందు దొరకలేదు.

నేనిప్పుడు మాచర్లలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. అక్క రెండేళ్ళు కొట్టులోనే ఉండిపోయింది. చదువు అక్కడితో ఆగిపోతుందేమో అనుకున్నాను. పెద్దమ్మే ఊరుకోలేదట. "ఆ రోజు అంత బాగా మాట్లాడావు, ఈడ కూర్చుని కందిపప్పు తూస్తావేంది?" అని పోరి పోరి మేడం దగ్గరికి పంపిందట. కిందటేడు అక్క పీహెచ్‌డీలో చేరింది. పొద్దున కొట్టు, మధ్యాహ్నం నుంచి పరిశోధన. పిల్ల బడికి పోతోంది.

నిన్న ఫోన్ చేసింది. వలయాలున్న అణువుల దగ్గర ఎక్కడో చిక్కుపడిందట. గంటసేపు చెప్పింది. సగం నాకు అర్థం కాలేదు. "ఫోన్లో కాదే, ఎదురుగా కూర్చుంటే తేలిద్ది. ఆదివారం వస్తావా?" అంది. వస్తానన్నాను. పొద్దున మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కోవాలి.